ఇటుకల వంతెన, ఐదో దిమ్మ

జనన మరణాల నమోదు శాఖ ప్రధానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఇటుకల వంతెన మీద జన్మించిన మా కుమార్తె జనన నమోదు గురించీ, ఆ సందర్భంగా వంతెన ఊడ్చే ఉద్యోగినికి ఇచ్చిన మెమోను రద్దు చేయవలసినదిగా కోరుట గురించీ.

సూచిక: ఇదివరకు నేను పెట్టుకున్న అర్జీలు. (అవి తమ ఆఫీసులో ఏ బీరువాలో ఉన్నవో నాకు తెలియదు. నకళ్లు నా దగ్గర ఉన్నవి. అడిగితే పట్టుకొస్తాను.)

క్రింద సంతకం చేసిన నేను తమకు సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. నేను నదికి ఎడమ గట్టున కాపురం ఉంటున్నాను. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని నాది. నా భార్య చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుడుతుంది. మాకు ఒక్కతే కూతురు, ఇంట్లో చిట్టి అంటాము. ఆ పిల్ల ఈ భూమ్మీద ఉన్నట్టు ప్రభుత్వం వారి దగ్గర ఏ ఆధారమూ లేదు. అన్నం దగ్గర పేచీ పెట్టడం, జ్వరం తెచ్చుకోవడం, చెప్పులు పోగొట్టుకోవడం మాత్రం ఆధారాలున్న పిల్లల్లాగానే చేస్తోంది. బడిలో పెద్ద టీచరుగారు దయతలచి ఇన్నాళ్లూ వెనక బెంచీలో కూర్చోనిచ్చారు. ఇప్పుడు పై తరగతికి పంపాలంటే రిజిస్టరులో పేరు ఎక్కాలట. పేరు ఎక్కాలంటే జనన సర్టిఫికెట్ కావాలట. "మీ పిల్ల చదువులో దిట్టే బాబూ, కానీ లేని పిల్లకి నేను మార్కులెలా వెయ్యను?" అని ఆవిడ నా మొహం చూడలేక గోడ కేసి చూస్తూ అన్నారు.

2. పిల్ల వంతెన మీద ఎందుకు పుట్టవలసి వచ్చిందన్న ప్రశ్న ప్రతి ఆఫీసులోనూ వేశారు. తమరు కూడా వేయకముందే జవాబు రాస్తున్నాను. ప్రసూతి ఆసుపత్రి కుడి గట్టున ఉన్నది. కొత్త వంతెన చాలా దూరం. ఇటుకల వంతెన మాకు దగ్గరే గానీ, కమాను ఒకటి కుంగిందని బండ్లు వెళ్లకుండా రెండు చివర్లా సిమెంటు దిమ్మెలు పాతారు. మనుషులు నడవవచ్చు. నొప్పులు మొదలైన తెల్లవారుజామున అద్దె కారు వాడు మమ్మల్ని ఆ దిమ్మెల దగ్గర దింపేసి, "అవతల ఇంకో బండి దొరుకుతుంది, నడవండి" అన్నాడు. నడిచాము.

సగం దాటామో లేదో, నా భార్య పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంక నా వల్ల కాదు."

"ఇంకొంచెం. అదిగో, గట్టు కనిపిస్తోంది."

"కనిపిస్తే ఏం చేసుకోను? అరిచి ఎవర్నైనా పిలు."

వంతెన కమానులను మోసే ప్రతి దిమ్మ దగ్గరా పిట్టగోడ బయటికి ఉబ్బి ఒక చిన్న గూడులా ఉంటుంది. పూర్వం బండి ఎదురొస్తే పాదచారులు పక్కకు తప్పుకోవడానికి కట్టినది. ఐదో దిమ్మ మీది గూట్లో ఆమెను కూర్చోబెట్టాను. ఎడమ గట్టు వైపు నుంచి ఊడ్చుకుంటూ వస్తున్న ఒక పెద్దావిడ కనిపించింది. ఆమెను వంతెన పెద్దమ్మ అంటారని తరువాత తెలిసింది. నా భార్య "పెద్దమ్మా, పెద్దమ్మా" అని పిలిచింది. నేనూ పిలిచాను. ఆవిడ వచ్చింది. చీపురు గోడకానించి, మోకాళ్ల మీద కూర్చుంది. "నువ్వు అటు తిరిగి దుప్పటి అడ్డం పట్టుకో నాయనా. గాలి కొడుతోంది" అంది నాతో.

కాబట్టి నా కూతురు పుట్టడం నేను చూడలేదు. నేను చూసినది ఇటుకలు. నా ముక్కుకు ఎదురుగా కొన్ని పసుపుపచ్చవి, కొన్ని ఎర్రవి, ఒకదాని పక్కన ఒకటి. వెనక నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. "ఆడపిల్ల. నీ పోలికే, పాపం" అంది పెద్దమ్మ. ఆవిడ తన ఒంటి మీది ఉద్యోగపు కోటు విప్పి పిల్లను అందులో చుట్టింది. బొడ్డుతాడు ముట్టుకోలేదు, ఆసుపత్రిలో చూసుకుంటారని చెప్పింది. ఇద్దరం కలిసి తల్లినీ పిల్లనూ కుడి గట్టుకు చేర్చాము. ఆసుపత్రి వారు తల్లీబిడ్డా క్షేమమని చీటీ రాసి, దాని కిందే "ప్రసవం ఈ ఆసుపత్రిలో జరగలేదు" అని రాసి, దాని కింద గీత కూడా గీశారు.

3. అక్కణ్ణుంచి నా తిరుగుడు మొదలైంది. కుడి గట్టు నమోదు ఆఫీసులో గుమాస్తా గారు, "మీ ఇల్లెక్కడ?" అని అడిగారు. ఎడమ గట్టున అన్నాను. "అయితే అక్కడే రాయించుకోండి" అన్నారు. ఎడమ గట్టు ఆఫీసులో గుమాస్తా గారు, "ఇల్లు కాదయ్యా, పుట్టిన చోటు ముఖ్యం. ఎక్కడ పుట్టింది?" అన్నారు.

"వంతెన మీదండి."

"వంతెన ఎవరిది?"

"నాది కాదండి."

"వేళాకోళమా?"

కాదని, నిద్ర లేదని చెప్పాను. రెండు గట్లకూ సరిహద్దు వంతెన మధ్య భాగమని, మధ్య ఎక్కడో రుజువుతో తేల్చుకుని రమ్మని పంపేశారు. వంతెన మధ్యలో రోడ్డు మీద తెల్ల గీత ఉన్నదని మనవి చేశాను. ఎడమ గట్టు ఊడ్చేవాళ్లు అక్కడిదాకా, కుడి గట్టు వాళ్లు అక్కణ్ణుంచీ ఊడుస్తారు. మా గూడు ఆ గీతకు కుడి వైపు, నాలుగు అడుగులు వేస్తే చేరేంత దూరంలో ఉన్నది. ఆ లెక్కన పిల్ల కుడి గట్టుది. ఆ మాట పట్టుకుని కుడి గట్టుకు పోతే అక్కడి అధికారి గారు, "ఊడ్చే గీత ఊడ్చడానికేనయ్యా. పుట్టడానికి కాదు" అన్నారు. ఆ వాక్యాన్ని నా ఫైలు అట్ట మీద రాసి పెట్టుకున్నాను.

4. ఈ విధంగా, అద్దాలు అరగదీసుకునే నేను వంతెన చరిత్ర తెలుసుకోవలసి వచ్చింది. తమకు తెలియనిదని కాదు. నాకు తెలిసినది తప్పయితే దిద్దుతారని రాస్తున్నాను.

చుట్టుపక్కల రాయి దొరకదు కనుక ఇటుకతో కట్టారు. నది మట్టినే తవ్వి గట్ల మీద బట్టీలు పెట్టారు. ఎడమ గట్టు మట్టి కాలిస్తే పసుపుపచ్చగా, కుడి గట్టు మట్టి కాలిస్తే ఎర్రగా వచ్చేదట. అటు ఒక ముఠా, ఇటు ఒక ముఠా మొదలుపెట్టి, కర్ర చట్రాల మీద ఒక్కొక్క కమానూ తిప్పుకుంటూ, సున్నంతో అతుకుతూ నడిమికి వచ్చి కలిశారు. ప్రతి దిమ్మకూ ఎగువ వైపు పడవ ముక్కులాంటి కోసు పెట్టారు. వరద దానికి తగిలి రెండుగా చీలి పోవాలని. ఒక వరద మాత్రం చీలలేదు. ఐదో దిమ్మనూ, దానికి అటూ ఇటూ ఉన్న కమానులనూ పట్టుకుపోయింది. డబ్బు లేక, నీరు తీసిన తరువాత ఇసుకలోంచి పాత ఇటుకలే ఏరి, కడిగి, మళ్లీ కట్టారు. ఏరేటప్పుడు రంగు ఎవరు చూస్తారు? నా కూతురు పుట్టిన దిమ్మ అదే. అందుకే నాకు ఆ పొద్దున రెండు రంగులు కనిపించినవి.

వంతెనల శాఖలో ప్లానులు గీసి రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన ఇదంతా నాకు చెప్పారు. వినేవాళ్లు లేక ఆయనా, తేలక నేనూ, ఇద్దరం చాలా సాయంత్రాలు ఆ పిట్టగోడ మీద కూర్చున్నాము. ఆఖరున ఆయనే ఇంకో సంగతి చెప్పి నా కొంప ముంచారు. కమానులు పైకి కనిపించేవి తొమ్మిదే గానీ, అసలు కట్టినవి పదకొండట. నది కొంత జరిగాక కుడి గట్టు వైపువి రెండు మట్టిలో పూడిపోయి, వాటి మీద రోడ్డు, దుకాణాలు వచ్చినవి. ఆ రెండూ కలుపుకుంటే వంతెన నడుమ కుడికి జరుగుతుంది. నడుమ కుడికి జరిగితే మా గూడు ఎడమ గట్టులోకి వస్తుంది.

"మాస్టారూ, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి" అన్నాను.

"చెప్పేశాను నాయనా. నీకు పనికొస్తుందని మొన్ననే కుడి గట్టు ఆఫీసుకు వెళ్లి చెప్పొచ్చాను" అన్నారు పాపం, సంతోషంగా.

5. పైన చెప్పిన కారణాల వల్ల ఉభయ గట్ల అధికారులూ కలిసి సంయుక్త తనిఖీ జరిపారు. అందుకు కృతజ్ఞుణ్ణి. ముందుగా కుడి గట్టున గొడుగుల దుకాణం నేలమాళిగలోకి దిగాము. దుకాణదారు గొడుగుల కట్టలు నిల్వ చేసుకునే ఆ గదికి కప్పు వేరే లేదు, పూడిపోయిన కమానే కప్పు. తేమకు ఇటుకలు నల్లబడి ఉన్నవి. కుడి గట్టు అధికారి గారు టార్చి వేసి చూపించి, "ఇదిగో, ఇదీ వంతెనే" అన్నారు. ఎడమ గట్టు అధికారి గారు, "నీళ్లు లేనిది వంతెనెలా అవుతుందండీ? ఇది గొడుగుల గది" అన్నారు. తన దుకాణాన్ని వంతెన కింద జమకట్టి ఖాళీ చేయిస్తారేమోనని దుకాణదారు నా చెయ్యి పట్టుకుని, "ఏవయ్యా, మీ ఆవిడ ఇంకో పది గజాలు నడవలేకపోయిందా?" అని అడిగాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనికీ సంసారం ఉంది.

తరువాత టేపు పట్టుకుని వంతెన మీదికి వచ్చారు. నా భార్యను ఆ గూట్లో నిలబడమన్నారు. పనికి సెలవు పెట్టి వచ్చింది. "ఇక్కడేనా? కచ్చితంగా ఇక్కడేనా? తల ఎటు, కాళ్లు ఎటు?" అని అడిగారు. తల ఒక గట్టులో, కాళ్లు ఇంకో గట్టులో ఉంటే ఏది లెక్క అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నా భార్య గోడ కేసి చూస్తూ అన్నింటికీ జవాబు చెప్పింది. నేను పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డాను. అయ్యా, ఆనాడు ఆమెను అక్కడ నిలబెట్టనిచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇది అర్జీలో రాయవలసిన విషయం కాదని తెలుసు.

ఆఖరు ప్రశ్నగా, "ప్రసవ సమయంలో దగ్గర ఎవరున్నారు?" అని అడిగారు. నా భార్య మొహం అప్పుడు కొంచెం తేటపడింది. "వంతెన పెద్దమ్మ. ఆవిడే లేకపోతే..." అని మొదలుపెట్టి, కోటు సంగతితో సహా అంతా చెప్పింది. ఎడమ గట్టు అధికారి గారు పెన్ను ఆపి, "ఆవిడ మా ఉద్యోగిని కదూ?" అన్నారు.

6. ఆ మరుసటి వారమే పెద్దమ్మకు ఎడమ గట్టు వారి మెమో వచ్చింది. "తమకు కేటాయించిన హద్దు దాటి, విధి నిర్వహణ సమయంలో ఇతర గట్టు పరిధిలోకి ప్రవేశించి, విధులకు సంబంధం లేని ప్రసవ కార్యక్రమంలో పాల్గొన్నందుకు, మరియు ప్రభుత్వ కోటును అన్యపని నిమిత్తం వినియోగించి పాడుచేసినందుకు తమపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు." ఆవిడకు ఇది ఉద్యోగంలో ఆఖరి సంవత్సరం. మెమో తేలేదాకా రిటైర్మెంటు కాగితాలు కదలవట.

ఇక్కడ తమ దృష్టికి తేవలసిన చిత్రం ఒకటి ఉన్నది. మెమోలో గూడు "ఇతర గట్టు పరిధి" అని ఎడమ గట్టు వారే రాశారు. అంటే పిల్ల కుడి గట్టుది. ఆ కాగితం చూపిస్తే కుడి గట్టు వారు, "వాళ్ల ఉద్యోగిని వచ్చి పనిచేసింది కనుక ఆ చోటు వాళ్ల ఆధీనంలో ఉన్నట్టే" అన్నారు. ఆ రోజు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆఫీసు వాచ్‌మన్ మంచినీళ్లు ఇచ్చాడు. ఈ వ్యవహారం మొత్తంలో ఆఫీసు తరఫున నాకు అందినది అదొక్కటే.

7. నేనూ నా భార్యా పెద్దమ్మ ఉండే చోటికి వెళ్లాము. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఒంటి గది. మోకాళ్లకు ఏదో నూనె రాసుకుంటోంది. మెమో చదివి వినిపించమంది. విన్నది.

"కోటు పాడైందని చెప్పి కొత్తది తీసుకున్నానుగా. మళ్లీ దాని ఊసెందుకూ?" అంది. చిట్టి ఎలా ఉందని అడిగింది. బడి గురించి అడిగింది. కిందికి దిగి వచ్చేటప్పుడు నా భార్య మెట్ల మధ్యలో ఆగింది.

"నా నోటితోనే చెప్పాను" అంది.

"నీకేం తెలుసు?"

"తెలియకపోతే మాత్రం? చెప్పింది నేనే కదా."

8. తనిఖీ నాడు నా భార్య చెప్పినదంతా ఇప్పుడు వాంగ్మూలంగా టైపు చేసి పంపారు. ఆమె సంతకం చేస్తే ఫైలు తమ దగ్గరకు వస్తుందని, తమరు ఏదో ఒక గట్టుకు తేల్చేస్తారని చెప్పారు. కానీ ఆ సంతకంతోనే పెద్దమ్మ మీద అభియోగం రుజువవుతుంది. నా భార్య సంతకం చేయనంది. బతిమాలాను. పిల్ల బడి గుర్తుచేశాను. కేకలు కూడా వేశాను. ఆమె ఇంట్లోని కుట్టు మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ, "దాని చదువుకి ఆవిడ ముసలితనాన్ని పెట్టుబడి పెట్టమంటావా?" అంది. నేను కాగితం మడిచి మిషను సొరుగులో పెట్టాను.

9. కాబట్టి తమరు దయతలచి:

(అ) వంతెన పెద్దమ్మకు ఇచ్చిన మెమోను రద్దు చేయించవలసినదిగా,

(ఆ) ఆ పిమ్మట నా భార్య సంతకం చేయగా, మా కుమార్తె పుట్టిన చోటు ఎడమ గట్టు అని గానీ, కుడి గట్టు అని గానీ, "ఇటుకల వంతెన" అని గానీ, తమకు ఏది సులువైతే అది రాయించవలసినదిగా,

(ఇ) మెమో రద్దు కానిచో, సర్టిఫికెట్ కోసం మేము పెట్టుకున్న దరఖాస్తు మొత్తం వెనక్కి ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. పెద్ద టీచరుగారికి ఏదో ఒకటి చెప్పుకుంటాము.

ఇంతకు మించి రాయడానికి నాకు చేతకాదు. అలసిపోయినవాడి రాతగా ఎంచి, తప్పులు మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సంతకం)
కళ్లద్దాల దుకాణం పనివాడు, ఎడమ గట్టు

తా.క. ఇది రాసి, కవరు అంటించకుండా బల్ల మీద పెట్టాను. ఈలోగా సెలవు రోజున పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరాక, "నా గురించి ఏదో రాశావట, చదువు" అంది. మొదటి నుంచీ చదివాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయ్యాక, "నన్ను మరీ మంచిదాన్ని చేశావు నాయనా" అంది.

"ఉన్నదే రాశాను పెద్దమ్మా."

"నీకు తెలియంది ఒకటుంది. మీ ఆవిడ పిలవగానే నేను రాలేదు. గీత దగ్గర ఆగిపోయాను. అంతకు ముందే ఓసారి అవతలి వైపు ఊడ్చే పిల్లతో మాట్లాడుతున్నానని మేస్త్రీ చూసి నానా మాటలూ అన్నాడు. మళ్లీ చూస్తే తీసేస్తానన్నాడు. అందుకని చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇంకెవరైనా వస్తారేమోనని అటూ ఇటూ చూశాను. ఎవరూ రాలేదు. అప్పుడొచ్చాను. మంచిదాన్నయితే ఆగుతానా?"

నా భార్య మిషను ఆపింది. "నువ్వు ఆగడం నేను చూశాను పెద్దమ్మా."

"చూశావా?"

"చూడకేం? నా కళ్లు నీ మీదే ఉన్నాయి."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట అనలేదేమే?"

"వచ్చావు కదా" అంది నా భార్య.

చిట్టి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని తన బొమ్మల పుస్తకం చూపించింది. ఆవిడ ఒక్కో పేజీ తిప్పి, అన్నీ బాగున్నాయంది. తరువాత నా వైపు తిరిగి, మెమోకు తను జవాబు ఇచ్చేశానని చెప్పింది. సైకిళ్ల కొట్టతని చేత రాయించిందట. గీత దాటానని, ఎందుకు దాటానో కూడా రాయించి వేలిముద్ర వేసి వచ్చిందట.

"ఎందుకు ఒప్పుకున్నావు పెద్దమ్మా? మేం ఇంత తాపత్రయపడుతుంటే?" అన్నాను.

"దాటాను కాబట్టి. దాటలేదంటే ఆ రోజు అక్కడే నిలబడిపోయినట్టు అవుతుంది. అది నావల్ల కాదు" అంది. నా భార్యతో, "నువ్వు సంతకం పెట్టకపోతే నేను అబద్ధమాడినట్టు అనుకుంటారు. ఏదీ, ఆ కాగితం తియ్యి" అంది.

నా భార్య కాగితం తీసింది. ఏడుస్తూనే సంతకం చేసింది. ఒక చోట సిరా చెదిరింది. అది కన్నీళ్ల వల్లనే గానీ దిద్దుబాటు కాదని మనవి.

కనుక పైన (ఇ)లో రాసినది కొట్టివేసి చదువుకోగలరు. (అ), (ఆ) అలాగే ఉంచండి, (ఆ)లో సంతకం షరతు మాత్రం తీసివేయండి. సంతకమైన వాంగ్మూలం దీనితో జతపరిచాను. చెప్పవలసినవాళ్లు అందరూ చెప్పేశారు. ఇక మీ ఇష్టం.